ఎనిమిదో ప్రశ్న

కాలేజీ గేటుకి ఎదురుగా, మెట్ల కింద మిగిలిపోయిన మూడుమూలల గదిలో ఆమె దుకాణం. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బిగబట్టాల్సిందే. ఆమె పేరేమిటని అడిగితే ఆ వీధిలో ఎవరూ చెప్పలేరు. “జిరాక్సక్క ఎక్కడ?” అని అడిగితే మాత్రం కళ్ళు మూసుకుని దారి చూపిస్తారు. పద్దెనిమిదేళ్ళ పిల్లలకీ ఆమె అక్కే, రిటైరు కాబోతున్న ప్రిన్సిపాలుగారికీ అక్కే. నడివయసులో తనూ పరీక్షకు కట్టి, మొదటిసారి హాల్ టికెట్టు చేతికొచ్చినప్పుడు దాని మీద అచ్చయిన పేరు చూసి ఆమే ఒక్క క్షణం “ఎవరబ్బా ఈవిడ?” అనుకుంది.

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒకరి చదువును మరొకరికి చేరవేయడం. ఏ పాఠం పరీక్షలో వస్తుందో లెక్చరర్లకన్నా ముందు ఆమెకే తెలిసేది. ఒకే పేజీ కోసం ఒకే రోజున నలభైమంది వస్తే తెలియక ఏం చేస్తుంది? ఆ పేజీలో ఏముందన్నది మాత్రం ఆమెకు పట్టేది కాదు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడు కదా.

ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎవరో అమ్మాయి వదిలేసి వెళ్ళిన పుస్తకం గాజుపలక మీద బోర్లా పడి ఉంది. విసనకర్రగా పనికొస్తుందని చేతిలోకి తీసుకుంది. నాలుగుసార్లు విసురుకుని, ఐదోసారి చదవడం మొదలుపెట్టింది. ‘కుటుంబం’ అన్న పాఠం అది. ఒకే కప్పు కింద ఉన్నవాళ్ళంతా ఒక కుటుంబమా, లేక ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళా అని అందులో పెద్దవాళ్ళు పేజీలకు పేజీలు వాదించుకున్నారు. ఇంటిపెద్ద అంటే వయసులో పెద్దా, మాట చెల్లేవాళ్ళా? తాళంచెవులు ఎవరి దగ్గరుంటే వాళ్ళ మాట ఎందుకు చెల్లుతుంది? కరెంటు వచ్చింది, మిషను గుర్రుమంది, బయట నలుగురు “అక్కా, అక్కా” అంటున్నారు. ఆమె తలెత్తితే ఒట్టు.

ఆ సాయంత్రం ఇంట్లోకి అడుగు పెడుతూనే, చెప్పులైనా విప్పకుండా, “అత్తయ్యా! మనింట్లో జరిగేవాటన్నిటికీ పుస్తకంలో పేర్లున్నాయి!” అని అరిచింది.

అత్తగారు అనుమానంగా చూసింది. “మనింటి సంగతి వాళ్ళకెవరు చెప్పారే?”

నలభై రెండేళ్ళ వయసులో ఆమె దూరవిద్యలో డిగ్రీకి పేరు రాయించుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు. చరిత్ర, రాజనీతి, సమాజశాస్త్రం. మిషను మీద కాపీలు తిరుగుతుంటే ఒక కన్ను ట్రే మీద, ఇంకో కన్ను పుస్తకం మీద. ఓటు హక్కు పాఠం చదివి, “ఇదేదో కొట్లాడితే వచ్చిందటండీ, ఊరికే రాలేదట!” అని ఇంట్లో భర్త వెంటపడి చెప్పేది. భర్త లిఫ్టుల మెకానిక్కు. రోజంతా పైకీ కిందకీ తిరిగొచ్చిన మనిషి. “రేపు పొద్దున చెప్పవే, అప్పటికి ఆ హక్కు ఎక్కడికీ పోదు” అనేవాడు. అని, పడుకోకుండా వినేవాడు.

మూడేళ్ళ చదువును ఎంత సాగదీసినా ఆరేళ్ళలో ముగించాలని యూనివర్సిటీ నియమం. అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ ఏడాది పరీక్షలు పోయాయి, దుకాణంలోకి వాననీళ్ళు వచ్చిన ఏడాది పోయాయి, ఒక ఏడాది చరిత్రే ఆమెను తన్నేసింది. అన్నీ దాటుకుని ఆరో ఏడు వచ్చేసరికి ఇక ఒకే ఒక్కటి మిగిలింది: ప్రాజెక్టు. అది ఈసారి నెగ్గితే డిగ్రీ. నెగ్గకపోతే ఇన్నాళ్ళు పాసైన పేపర్లన్నీ రద్దు. మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ప్రాజెక్టంటే అరవై ఇళ్ళ సర్వే. దాన్ని చూసే మేడమ్‌ని పిల్లలు ఎర్రపెన్ను మేడమ్ అంటారు. ఆవిడ గట్టిగా చెప్పింది: “మీరు అడిగి మీరు రాసుకోవద్దు. కాగితం వాళ్ళ చేతికిచ్చి వాళ్ళతోనే రాయించండి. నాకు చేతిరాతలు కనబడాలి.”

ఆ మాట ఎందుకన్నదో జిరాక్సక్కకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? పిల్లలు ఆమె దుకాణం మెట్ల మీదే కూర్చుని, మోకాళ్ళ మీద కాగితాలు పెట్టుకుని, గంటన్నరలో కాలనీకి కాలనీని పుట్టించేవారు. అరవై కుటుంబాలు, అరవై కష్టాలు, పెన్ను మాత్రం ఒకటే. ఆమె తన చేతులతోనే వాటికి స్పైరల్ బైండింగు చేసి ఇచ్చింది. తనది మాత్రం అలా ఉండకూడదనుకుంది.

తాము ఉండే మూడంతస్తుల వరస భవనాల్లో అరవై గుమ్మాలు ఎక్కి దిగింది. పన్నెండు ప్రశ్నలు తనే తయారుచేసి, తన మిషను మీదే అచ్చుతీసుకుంది. అందరూ తెలిసినవాళ్ళే కాబట్టి విసుక్కోకుండా నింపారు. సమర్పించడానికి ఇంకా పదకొండు రోజుల గడువుంది. లెక్కలు గీసి పట్టిక వేస్తే చాలు. ఇల్లు అలకగానే పండగ కాదన్న సామెత ఆమెకు ఆ పొద్దున గుర్తురాలేదు.

దుకాణంలో కూర్చుని పట్టిక గీస్తుంటే పద్నాలుగో కాగితం దగ్గర చెయ్యి ఆగింది. అది బ్యాంకాయన ఇల్లు. ఆయనకు ఉద్యోగం, భార్యకు ఉద్యోగం, కొడుకు కూడా కొత్తగా ఉద్యోగంలో చేరాడు. ఎనిమిదో ప్రశ్న: ‘ఇంట్లో పనిచేసేవాళ్ళు ఎంతమంది?’ దాని కింద ఆ ఇల్లాలు రాసిన జవాబు: ‘ఎవరూ లేరు. పోయిన నెలే మానేసింది.’

ముగ్గురికీ ఒకేసారి ఉద్యోగాలు పోయాయా? నిన్న మెట్ల దగ్గర నవ్వుతూనే కనబడ్డారే! అయినా ‘మానేసింది’ ఏమిటి? ఎవరు మానేసింది?

అప్పుడు వెలిగింది. మానేసింది పనిమనిషి!

గబగబా పదిహేనో కాగితం తిప్పింది. ‘నేనొక్కదాన్నే. ఇరవై నాలుగేళ్ళ నుంచి.’ ఆ ఇంటాయన బడిపంతులు! పందొమ్మిదో కాగితంలో: ‘చేసేది ఒకరు, చేస్తున్నట్టు నటించేవారు ఇద్దరు.’ ఇరవై ఏడులో ఒక పెద్దాయన ఎదురు ప్రశ్న వేశాడు: ‘ఇంట్లోనా, బయటా?’ ముప్ఫై మూడులో ముందు రెండు అని రాసి కొట్టేసి, మూడు రాసి కొట్టేసి, చివరికి మరో చేతిరాతతో ‘తర్వాత చెబుతాం’ అని ఉంది.

ఆమె అడగదలచుకున్నది ఇంటికి సంపాదన తెచ్చేవాళ్ళు ఎంతమంది అని. కాగితం మీద పడింది మాత్రం మూడు తలల ప్రశ్న. ఒకరికది ఉద్యోగాల లెక్క, ఒకరికి ఇంటిచాకిరీ, ఒకరికి పనిమనిషి. తాను ఒకటి విత్తితే మూడు రకాలు మొలిచాయి. మిగతా పట్టికలన్నీ ఈ ప్రశ్న మీదే నిలబడాలి. మొదటికే మోసం వచ్చింది.

“ఏంటక్కా అలా అయిపోయారు?” అని కాపీలకు వచ్చిన ఒక పొడుగుపిల్ల అడిగింది. పోయినేడు మెట్ల మీద కాలనీని పుట్టించిన పిల్లే.

విషయం చెబితే ఆ పిల్ల తేలిగ్గా నవ్వేసింది. “దీనికేనా? ఆ ఒక్క ప్రశ్నే కదా! ఎనిమిదో జవాబు కనబడకుండా తెల్లకాగితం ముక్క పెట్టి కాపీ తీసి, పైన కావాల్సింది రాసేయండి. మీకు నేను నేర్పించాలా? చేతిరాతలు నేను పెడతా. నాకు నాలుగు రకాలు వచ్చు.”

“నాలుగు సరిపోవే. అరవై కావాలి” అంది జిరాక్సక్క, మొహం ఇంకా తేరుకోకుండా. అంది గానీ, మనసులో ఆ తెల్లకాగితం ముక్క ఒక మూల కూర్చుండిపోయింది. ఆరేళ్ళ చదువు ఒకవైపు, ఒక కాగితం ముక్క ఒకవైపు.

ఇంటికెళ్ళి టీ గ్లాసులు ముందు పెట్టి, తల పట్టుకుని కూర్చుంది. భర్త కాగితం తీసుకుని చదివాడు.

“బాగానే ఉందిగా ప్రశ్న! మనింటికైతే ఇద్దరు. నేను, నువ్వు. ఇందులో అర్థం కానిదేముంది?”

గోడవారగా కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. తుంటికి ఆపరేషనైన దగ్గర్నుంచి ఆవిడ కూర్చుని చేసే పనులన్నీ తనవి చేసుకుంది. కూరగాయలు తరుగుతుంది, బట్టలు మడతపెడుతుంది, దుకాణానికి వెళ్ళాల్సిన నోట్సులకు పిన్నులు కొడుతుంది. ఆ చేతిలోని పిన్నుల మిషను టక్కున ఆగింది.

“ఇద్దరేంట్రా? మరి ఇవి కొడుతున్నదెవరు, మీ తాతా?”

“అది కాదమ్మా, పనంటే...”

“ఏది కాదు? చదువు మళ్ళీ. ‘ఇంట్లో’ అనుందా లేదా? నువ్వు లిఫ్టులు బాగుచేసేది ఇంట్లోనా? మనింట్లో లిఫ్టుందా? కోడలి దుకాణం ఇంట్లో ఉందా? ఇంట్లో పనిచేసేది ఒక్కరే. ఆ ఒక్కరూ నేనే. రాసుకో!”

భర్త గతుక్కుమన్నాడు. “నువ్వు చెప్పవే” అని భార్య వైపు తిరిగాడు. ఆమె కూర్చున్న చోట లేదు. లేచి నిలబడి, గోడకు వేలాడే సంచీలోంచి కాగితాలన్నీ మంచం మీద గుమ్మరిస్తోంది.

“మీరు మగవాళ్ళు కాబట్టి ఇద్దరన్నారు. అత్తయ్య ఒకరంది. ఒకటే ఇల్లు, ఒకటే ప్రశ్న! ఏవండీ, ఇది తప్పు ప్రశ్న కాదు. ఎవరి చేతిలో పెన్నుంటే వాళ్ళ లెక్క వస్తోంది! ఈ అరవై కాగితాలూ ఎవరు నింపారో తెలిస్తే... అయ్యో, అది రాయించుకోలేదే నేను! బుద్ధిలేని దాన్ని!”

“ఇప్పుడెక్కడికి?”

“మొదటి అంతస్తుకి!” అని మెట్ల మీంచి వినబడింది. టీ అలాగే ఉండిపోయింది.

ఆరు రోజుల పాటు ఆమె కాలు నేల మీద నిలవలేదు. పొద్దున దుకాణం తెరవడానికి ముందు ఐదు గుమ్మాలు, సాయంత్రం దీపాలు పెట్టేవేళకు మరో ఐదు. అడిగేవి రెండే మాటలు: ఈ కాగితం నింపిందెవరు? ఎనిమిదో ప్రశ్న చదవగానే మీకేం తోచింది? చేసింది పొరపాటని ఒప్పుకుని అడుగుతుంటే మొదట్లో మొహం చెల్లలేదు. నాలుగో ఇంటికి వెళ్ళేసరికి సిగ్గు పోయి సరదా పట్టుకుంది. తలుపు తీయడం ఆలస్యం, జనం మాట్లాడేస్తున్నారు! సర్వే కాగితం ఇచ్చినప్పుడు నిలబడి నింపినవాళ్ళు ఇప్పుడు కుర్చీ వేసి మరీ చెబుతున్నారు.

బడిపంతులుగారు తన ఇంటి కాగితం మీద భార్య రాసిన ‘ఇరవై నాలుగేళ్ళ’ సంగతి మొదటిసారి చదివి, “ఇదెప్పుడు రాశావ్?” అన్నాడు.

“మీరు పేపరు చదువుకుంటున్నప్పుడు” అని లోపల్నుంచి జవాబొచ్చింది.

ముప్ఫై మూడో ఇంటి దంపతులు ఇంకా తేల్చుకోలేదు. “నేను నీళ్ళు పడతాను కదా, అది పని కాదా అక్కా? మీరే చెప్పండి” అని ఆయన, “మోటారు స్విచ్చి నొక్కడాన్ని నీళ్ళు పట్టడమంటారట!” అని ఆవిడ. ఆమె ఇద్దరి మాటా రాసుకుని, నవ్వాపుకోలేక మెట్లు దిగేసింది.

ఆమెను తెల్లబోయేలా చేసింది మాత్రం పై అంతస్తు నర్సు. ఆస్పత్రిలో డ్యూటీ చేసి, ఇంటికొచ్చి ముగ్గురికి వండే మనిషి ‘ఇద్దరు’ అని రాసింది, తన ఉద్యోగం, భర్త ఉద్యోగం లెక్కవేసి.

“మరి ఇంటిపని?”

“అది పనేంటక్కా? అది ఉండేదేగా!” అంది నర్సు, చేతిలో గరిటెతో, ఒక కాలితో తలుపు ఆపి పట్టుకుని.

ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకోవడానికి ఆమె మెట్ల మీదే కూర్చుండిపోయింది. పుస్తకంలో ఎవరో ఎక్కడివాళ్ళ గురించో రాసిన పాఠం, చెప్పులు విప్పి తన వాకిట్లోకి నడిచొచ్చినట్టనిపించింది.

పట్టిక వేసింది. మగవాళ్ళు నింపినవి ముప్ఫై ఒకటి. అందులో ఇరవై ఆరుగురికి అది సంపాదన ప్రశ్న, ఐదుగురికి పనిమనిషి ప్రశ్న. ఒక్కడికంటే ఒక్కడికి ఇంటిచాకిరీ తోచలేదు. ఆడవాళ్ళు నింపినవి ఇరవై ఏడు. పదిహేడుగురికి ఇంటిచాకిరీ, నలుగురికి పనిమనిషి, ఆరుగురికి సంపాదన. ఇద్దరూ కలిసి నింపినవి రెండు, ఆ రెండింట్లోనూ కొట్టివేతలే. ఆ అంకెలు చూసి దుకాణంలో ఒంటరిగా చప్పట్లు కొట్టింది. కాపీల కోసం నిలబడ్డ కుర్రాడు బెదిరి, “నేను తర్వాత వస్తానక్కా” అని వెళ్ళిపోయాడు.

సమర్పించడానికి ముందురోజు ఎర్రపెన్ను మేడమ్ అంతా చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“చాలా బాగుంది. అందుకే భయంగా ఉంది. మీ తప్పును మీరే ఎత్తి చూపించి, దాని మీద ముప్ఫై పేజీలు రాశారు. బయట్నుంచి పరీక్ష చేయడానికి వచ్చే సారు పట్టుదల మనిషి. ప్రశ్నలో తప్పుంటే ప్రాజెక్టే తిప్పిపంపేస్తారు. పోయినేడు ముగ్గురిని పంపారు. వాళ్ళకి ఇంకా టైముంది. మీకు లేదు. ఆ ఎనిమిదో ప్రశ్నను తీసేసి మిగిలిన పదకొండుతో ఇవ్వండి, గట్టెక్కిస్తాను.”

జిరాక్సక్క కాగితాల వైపు చూసింది. ఆ ముప్ఫై పేజీలు లాగేస్తే చాలు, కొత్త బైండింగుకు పది నిమిషాలు. మెట్ల మీద కాలనీలు పుట్టించిన పిల్లలంతా గట్టెక్కారు కదా.

“తీసేస్తే ఇంకేముంటుంది మేడమ్ ఇందులో? మిగతా పదకొండు ప్రశ్నలకీ జవాబులు అడక్కముందే నాకు తెలుసు. తెలియనిది ఇదొక్కటే తెలిసింది.”

మేడమ్ ఎర్రపెన్ను మూత పెట్టేసింది. “సరే. మీ ఇష్టం.”

పరీక్షనాడు వరండాలో పిల్లల వరస. ఒక్కొక్కరు లోపలికి పోవడం, మూడు నిమిషాల్లో బయటపడటం. ఆమె వంతు వచ్చింది. బల్ల వెనక మేడమ్, పక్కన పల్చటి జుట్టు సారు. ఆయన కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఎనిమిదో ప్రశ్న దగ్గర ఆగాడు. కనుబొమలు పైకి లేచాయి.

“ఏమ్మా, ప్రశ్న ఎవరికీ అర్థం కాలేదని మీరే రాశారా?”

“అందరికీ అర్థమైందండీ. ఒక్కొక్కరికి ఒక్కోలా.”

“నాకైతే స్పష్టంగానే ఉందే! సంపాదించేవాళ్ళు ఎంతమంది అనేగా. ‘పనిచేసేవాళ్ళు’ అంటే ఇంకేముంటుంది? జనం సరిగ్గా చదవలేదు, అంతే. ప్రశ్నలో తప్పు లేదు, పట్టికే తప్పు.”

“అదెలా సార్?” అంది మేడమ్. “‘ఇంట్లో’ అని ఉందిగా. నేను మొదటిసారి చదివినప్పుడు ఇంటిపనే అనుకున్నా.”

“మీరు చదువుకున్నవాళ్ళు, మీరు కూడా అలా అంటే ఎలా మేడమ్? ఫలానా ఇంట్లో పనిచేసేవాళ్ళు ఇద్దరున్నారంటే అర్థం ఏంటి?”

“ఇద్దరు పనివాళ్ళని పెట్టుకున్నారని!”

“అబ్బే!”

“అబ్బే ఏంటి సార్? మీ ఇంట్లో ఎంతమంది?”

“మా ఇంట్లోనా? నేనొక్కణ్ణే.”

“మీ ఆవిడ?”

“ఆవిడ ఇంట్లోనే ఉంటుంది.”

తలుపు దగ్గర వరసలో ఉన్న పిల్లలు మెడలు చాచారు. మేడమ్ మాట అందుకునేలోగా జిరాక్సక్క సంచీలోంచి పెన్ను తీసింది. ఒళ్ళంతా నిప్పురవ్వలు ఎగురుతున్నట్టుంది. డిగ్రీ పోతుందో వస్తుందో ఆ క్షణాన ఆమెకు నిజంగా గుర్తులేదు.

“ఏంటమ్మా రాస్తున్నారు?” అన్నాడు సారు.

“అరవై ఒకటో జవాబు, అరవై రెండో జవాబు అండీ.”

సారు ఆమె వైపు చూశాడు. పట్టిక వైపు చూశాడు. మగవాళ్ళ వరసలో ఇరవై ఆరు దగ్గర వేలు పెట్టి, కాసేపు తియ్యలేదు. మేడమ్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది, భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

“సరే” అన్నాడు చివరికి, గొంతు సవరించుకుని. “మళ్ళీ సర్వే చేయమంటే ఈ ప్రశ్నను ఎలా దిద్దుతారు?”

“దిద్దనండీ. అలాగే ఉంచుతాను. పక్కన ఇంకొకటి పెడతాను: ఈ కాగితం నింపింది ఎవరు?”

ఆయన మార్కుల కాగితం దగ్గరకు లాక్కున్నాడు. తలకిందులుగా కనబడుతున్న ఆ అంకెను ఆమె చదువుకుంది. ఇరవై రెండేళ్ళుగా గాజుపలక మీద కాగితాలు బోర్లా పెట్టే మనిషికి తలకిందుల రాత ఒక లెక్కా? ఎనభై ఎనిమిది. కింద సంతకం. మేడమ్ సంతకం కూడా అయింది. ఆమె నమస్కారం పెట్టి, కుర్చీకి తగిలి, తలుపు దాకా వచ్చింది.

“అమ్మా, ఒక్క మాట” అని వెనక నుంచి సారు పిలిచాడు. “ఖాళీ ప్రశ్నల కాగితం ఇంకోటేమైనా ఉందా? ఇంటికి తీసుకెళ్తాను.”

ఉంది. మిషనున్న మనిషికి కాగితాలకేం కొదవ? తీసి ఆయన చేతికిచ్చి, అలవాటైపోయిన మాట కాబట్టి అడిగేసింది.

“ఎవరు నింపుతారండీ?”

వరండాలో పిల్లలు గొల్లుమన్నారు. సారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబులో జాగ్రత్తగా దాచుకుని, ఎర్రబడ్డ చెవులతో తర్వాతి నంబరు పిలిచాడు.